రాత్రి ఎడారి సఫారీ, చుక్కలు చూడటం: రెండు ప్యాకేజీల మధ్య ఇరుక్కున్నా

#1 కొత్తబాటసారి
అందరికీ నమస్కారం. మార్చి మొదట్లో కుటుంబంతో ఎడారికి వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, 9 ఏళ్ల పాప, 68 ఏళ్ల నాన్న. ఈ ప్రయాణంలో పాప అడిగింది ఒక్కటే: "పాలపుంత చూపించు నాన్నా." పుస్తకంలో ఫోటో చూసినప్పటి నుంచీ అదే పాట.

రెండు ప్యాకేజీలు చూసి పెట్టాను. మొదటిది మధ్యాహ్నం 3కి బయల్దేరుతుంది. ఇసుక దిబ్బల మీద జీపుతో డ్యూన్ బాషింగ్, సూర్యాస్తమయం, శిబిరంలో భోజనం, ఆటపాట, "ఆపై నక్షత్ర వీక్షణం". రాత్రి 9కల్లా గది దగ్గర దింపేస్తారు. రెండోది రాత్రి 7:30కి మొదలై ఒంటిగంటకి ముగుస్తుంది. దిబ్బల మీద దూకుడేం లేదు. టెలిస్కోపు, గైడు ఉంటారు, అంతే. ఖరీదు మాత్రం మొదటిదానికంటే బాగా ఎక్కువ.

మొదటిదాంట్లో అన్నీ ఉన్నప్పుడు రెండోదానికి అంత పెట్టాలా? నాన్నకి నడుం నొప్పి కూడా ఉంది. ఇక చలి, పాములు, తేళ్లు అని మా ఆవిడ టెన్షన్ వేరే. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

#2 చుక్కలరాయుడు
ప్యాకేజీ సంగతి తర్వాత. మీరు వెళ్లే రోజు తిథి ఏమిటి?

#3 కొత్తబాటసారి
క్యాలెండర్ చూశానండీ. శుద్ధ ద్వాదశి. ముహూర్తం చూసుకుని వెళ్లాలా ఏంటి :)

#4 చుక్కలరాయుడు
చూసుకునే వెళ్లాలి. ద్వాదశి చంద్రుడు మధ్యాహ్నమే లేస్తాడు. సూర్యుడు దిగేసరికి ఆకాశంలో బాగా పైకొచ్చి ఉంటాడు. తెల్లవారుజామున 4 దాటేదాకా దిగడు. ఆ వెలుగులో పెద్ద చుక్కలు ఓ గుప్పెడు మిగులుతాయి, పాలపుంత మాట మరిచిపోవాల్సిందే. మీరు ఏ ప్యాకేజీ తీసుకున్నా ఒకటే.

చాలామంది "చంద్రుడు ఎంత శాతం ఉన్నాడు" అని మాత్రమే చూస్తారు. అది సరిపోదు. శుద్ధ దశమి చంద్రుడూ, బహుళ షష్ఠి చంద్రుడూ వెలుగులో దాదాపు సమానమే. కానీ దశమివాడు సాయంత్రమంతా మన నెత్తిన కూర్చుంటాడు. షష్ఠివాడు అర్ధరాత్రి దగ్గర పడేదాకా మొహం చూపించడు. పౌర్ణమి తర్వాత చంద్రోదయం రోజుకి సగటున 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. అమావాస్య అయితే అన్నిటికంటే మేలు. వీలు కాకపోతే పౌర్ణమి దాటాక ఐదారు రోజులు ఆగండి. సాయంత్రం నుంచి అర్ధరాత్రి వరకు మంచి చీకటి దొరుకుతుంది.

#5 వెన్నెలపక్షం
రాయుడు గారి లెక్క లెక్కే గానీ, వెన్నెల ఎడారిని అలా తీసిపారేయకండి. నేను జోర్డాన్‌లో వాడి రమ్ అనే ఎడారికి పౌర్ణమి నాడు వెళ్లాను. టార్చి జేబులోంచి తీయనే లేదు. రాతి కొండలు ఒక పక్క వెండి, ఒక పక్క కాటుక. నా నీడ నాకంటే ముందు నడుస్తోంది. చుక్కలు పోతే పోయాయి.

#6 చుక్కలరాయుడు
పోతే పోయాయి అనుకునేవాళ్లకి అది బ్రహ్మాండం, కాదనను. కానీ ఆ పాప అడిగింది పాలపుంతని. చిలీలో అటకామా ఎడారి ఉంది చూడండి, పెద్ద పెద్ద టెలిస్కోపులు చాలా అక్కడే ఉన్నాయి. అక్కడ కూడా నక్షత్ర యాత్రలు నడిపేవాళ్లలో చాలామంది పౌర్ణమికి అటూ ఇటూ కొన్ని రోజులు దుకాణం కట్టేస్తారు. వ్యాపారం పోగొట్టుకుని మరీ మూసేస్తున్నారంటే ఊరికే కాదు కదా.

#7 పాతకాపు
మొదటి ప్యాకేజీలాంటిది నేను వెళ్లాను. ఎక్కడ, ఎవరితో అన్నది వదిలేయండి. శిబిరం నిండా రంగు బల్బులు. వెనకాల జనరేటరు. సౌండ్ బాక్సులో పాట అయ్యేసరికి రాత్రి 8 అయింది. అప్పుడు ఒకాయన మైకులో "ఇప్పుడు నక్షత్ర వీక్షణం" అని ప్రకటించి సగం బల్బులు ఆర్పాడు. సగం. మమ్మల్ని వరసగా నిలబెట్టి పడమట ధగధగలాడుతున్న చుక్కని చూపించి "ధ్రువ నక్షత్రం" అన్నాడు.

ధ్రువ నక్షత్రం పడమరకి ఎప్పుడొచ్చింది బాబూ అని అడిగితే, "ఇది ఎడారి కదా సార్, ఇక్కడ అలాగే కనిపిస్తుంది" అన్నాడు! అది శుక్రుడు. పది నిమిషాల తర్వాత కారెక్కించారు. డబ్బులు పోయిన బాధ కంటే ఆ సమాధానమే ఇప్పటికీ గుర్తొస్తుంది.

#8 నిద్రరాదు
పాతకాపు గారూ 😂

మొదటి ప్యాకేజీని గడియారం పెట్టి లెక్కేద్దాం. కొత్తబాటసారి గారూ, మీరు వెళ్లేది సుమారుగా ఏ అక్షాంశం?

#9 కొత్తబాటసారి
కర్కటరేఖకి కాస్త పైన. 25 డిగ్రీల ఉత్తరం అనుకోండి.

#10 నిద్రరాదు
సరే. మార్చి మొదట్లో అక్కడ సూర్యాస్తమయం 6:20 అనుకుందాం. సూర్యుడు మునగగానే చీకటి పడిపోదు. దిగంతం కింద 18 డిగ్రీల లోతుకి జారితే గానీ ఆకాశంలో ఆ చివరి వెలుగు పోదు. మీ అక్షాంశంలో దానికి గంటా పావు పడుతుంది. అంటే 7:35. మిమ్మల్ని 9కి గదిలో దింపాలంటే, గంట దారి అనుకున్నా, 8కి శిబిరం వదలాలి. మధ్యలో మిగిలింది 25 నిమిషాలు. ఆ 25 నిమిషాల్లో మీ కళ్లు చీకటికి అలవాటు పడేలోపే "పదండి, పదండి" అంటారు.

కాబట్టి మొదటిది సూర్యాస్తమయం సఫారీ. బాగుంటుంది, నేనూ వెళ్లాను, దిబ్బల మీద ఆ వెలుగు చూడాల్సిందే. దానికి చుక్కల పేరు తగిలించారు, అంతే.

#11 నడుంపట్టీ
నాన్నగారి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నేను ఎల్4-ఎల్5 డిస్కు బాధితుణ్ని. డ్యూన్ బాషింగ్‌లో జీపు దిబ్బ అంచు దాటి కిందికి దిగేటప్పుడు ఒళ్లంతా ఒక్కసారి లేచి సీటు మీద ధబ్బుమని పడుతుంది. ఆ కుదుపు నేరుగా వెన్ను మీదే. మూడు రోజులు మంచం దిగలేదు నేను. గర్భిణులనీ, నడుం మెడ సమస్యలున్నవాళ్లనీ దిబ్బల మీదికి ఎక్కించుకోబోమని నిర్వాహకులే చాలాచోట్ల కాగితం మీద రాయించుకుంటారు. 68 ఏళ్లంటే ఎముకల బలం కూడా చూసుకోవాలి. డాక్టర్ని అడగకుండా ఎక్కించొద్దు.

#12 ఇసుకలోచక్రం
నేను ఇసుకలో బండి నడిపేవాణ్ని, ఉద్యోగంగా కాదు, సరదాకే. నడుంపట్టీ గారు చెప్పింది నిజం. ఒక్క చిన్న మాట కలుపుతా. రెండో ప్యాకేజీలో బాషింగ్ లేకపోయినా కొంత ఇసుక దారి ఉండే ఉంటుంది. డ్రైవరు ఇసుకలోకి దిగే ముందు బండి ఆపి టైర్లలో గాలి తీస్తాడు. రోడ్డు మీద 35 పీఎస్ఐ దాకా ఉన్నదాన్ని 15-18కి దించుతాడు. టైరు చపటగా పరుచుకుని ఇసుకలో కూరుకుపోదు, కుదుపూ తగ్గుతుంది. గాలి తీయకుండా సర్రున దూకించేవాడు తొందరలో ఉన్నాడని అర్థం.

నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. వెనక చక్రాల మీద ఉండే సీట్లలోనే కుదుపు ఎక్కువ. వాంతులయ్యేవాళ్లకీ ముందు సీటే మేలు.

ఇంకోటి. రాత్రి ఎడారిలోకి ఒకే బండి వెళ్లకూడదు. కనీసం రెండు ఉండాలి. ఒకటి కూరుకుపోతే ఇంకోటి లాగుతుంది. సెల్ సిగ్నల్ లేని చోట శాటిలైట్ ఫోనో, వాకీటాకీనో ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో ఇసుక నీడలు మోసం చేస్తాయి. పల్లం మట్టంగా కనిపిస్తుంది. అందుకే మంచివాళ్లు పగలు నడిచిన పాత జాడ మీదే రాత్రి నడుపుతారు. కొత్త దిబ్బ ఎక్కరు.

#13 అమ్మమాట
పిల్లలున్న అమ్మగా చెప్తున్నా. మీ ఆవిడ గారి టెన్షన్ నాకూ ఉండేది. మా బాబుకి అప్పుడు 8 ఏళ్లు.

చలి నిజం. పగలు 30 డిగ్రీలున్న చోట అర్ధరాత్రి దాటాక స్వెట్టరు, టోపీ, సాక్సు అన్నీ వేసుకున్నాం. కదలకుండా పడుకుని ఆకాశం చూస్తాం కాబట్టి చలి ఇంకా పాకుతుంది. నేల మీద పరవడానికి ఏదైనా మందంగా ఉండాలి.

తేళ్లు, పాములు ఉంటాయి, అది వాటి ఇల్లే కదా. కానీ అవి మన దగ్గరికి రావు, మనమే చేతులు పెట్టకూడని చోట పెడతాం. ముళ్ల పొద కింద, రాయి కింద, కట్టెల మోపులో. మూసి ఉండే బూట్లు వేయండి. విప్పితే తొడుక్కునే ముందు తలకిందులు చేసి దులపండి. మా గైడు దగ్గర ఒక అతినీలలోహిత టార్చి ఉంది. మేం చాప పరిచే ముందు చుట్టూ వేసి చూశాడు. ఆ కాంతిలో తేలు పచ్చగా, నీలంగా మెరుస్తుంది. దూరంగా ఒకటి కనిపించింది కూడా. మావాడికి చుక్కల కంటే అదే ఎక్కువ గుర్తుంది!

బాత్రూం ఉందా అని ముందే అడగండి. ఐదారు గంటలు బయట ఉంటారు. ఈ ప్రశ్న ఎవరూ అడగరు, అందరూ ఇబ్బంది పడతారు.

#14 కొత్తబాటసారి
అమ్మమాట గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. తేలు మెరుస్తుందన్న మాట చెప్పకుండా ఉండాల్సింది :(

అసలు ఎడారిలో రాత్రి అంత చలెందుకు?

#15 చుక్కలరాయుడు
ఎందుకంటే పగటి వేడిని రాత్రి పట్టి ఉంచేది ఏదీ అక్కడ లేదు. మిగతా చోట్ల గాలిలోని నీటి ఆవిరి, మబ్బులు నేలలోంచి వెళ్లే వేడిని కొంత వెనక్కి పంపుతాయి. ఎడారి గాలి పొడి, మబ్బూ ఉండదు. పైగా ఇసుకలో వేడి పైపైనే ఉంటుంది, లోతుకి దిగదు. సూర్యుడు పోగానే అదంతా ఆకాశంలోకి వెళ్లిపోతుంది.

చుక్కలు అంత బాగా కనిపించడానికీ సగం కారణం అదే. పొడి గాలి, మబ్బుల్లేకపోవడం, ఊళ్లకి దూరం. ఐరోపా దేశాలవాళ్లు చిలీలో పరనాల్ కొండ మీద, 2,635 మీటర్ల ఎత్తున, వెరీ లార్జ్ టెలిస్కోపు పెట్టుకున్నది అందుకే. మన లద్దాఖ్‌లో హాన్లే కూడా ఎడారే, చలి ఎడారి. అక్కడ 4,500 మీటర్ల ఎత్తున 2 మీటర్ల హిమాలయన్ చంద్రా టెలిస్కోపు ఉంది. నమీబియాలో నమీబ్‌రాండ్ అనే ఎడారి అభయారణ్యానికి 2012లోనే డార్క్ స్కై రిజర్వ్ (రాత్రి చీకటిని కాపాడే చోటు) గుర్తింపు వచ్చింది.

అలాగని ప్రతి ఎడారీ ప్రతి రాత్రీ బాగుంటుందని కాదు. గాలి లేచి దుమ్ము పట్టిన రాత్రి దిగంతం మొత్తం మసకే. సముద్రానికి దగ్గరున్న ఎడారుల్లో పొగమంచు కూడా పడుతుంది.

#16 కొత్తబాటసారి
బోధపడింది. రెండో ప్యాకేజీ వాళ్లకి రేపు ఫోన్ చేస్తా. ఏమేం అడగాలి?

#17 చుక్కలరాయుడు
నేనైతే మొదటి ప్రశ్న: "టెలిస్కోపు పెట్టే చోటికి, దగ్గరున్న దీపానికి ఎంత దూరం?" శిబిరం పక్కనే పెట్టి "దీపాలు తగ్గిస్తాం" అంటే పాతకాపు గారి కథే. రెండోది: "ఆ రాత్రి ఏమేం చూపిస్తారు?" ఆకాశం తెలిసినవాడు తేదీ వినగానే నాలుగు పేర్లు చెప్తాడు, "పాలపుంత మధ్య భాగం ఆ నెలలో సాయంత్రం ఉండదండీ" అని కూడా తనే చెప్తాడు. తెలియనివాడు "చాలా చుక్కలు సార్, లక్షల చుక్కలు" అంటాడు. మంచి చీకట్లో కూడా ఒకసారికి కంటికి ఆనేవి రెండు మూడు వేలే.

చీకటి ఎంత బాగుందో కొలవడానికి బోర్టిల్ స్కేలు అని ఒకటుంది. జాన్ బోర్టిల్ అనే అమెరికన్ పరిశీలకుడు 2001లో తయారుచేశాడు. 1 అంటే కారుచీకటి, 9 అంటే నగరం నడిబొడ్డు. వాళ్లకి తమ చోటు ఎంతో తెలిస్తే మంచి గుర్తు. తెలియకపోయినా తప్పేం లేదు, మొదటి రెండు ప్రశ్నలు చాలు.

మబ్బు పడితే ఏం చేస్తారు, డబ్బు వెనక్కిస్తారా, ఇంకో రోజుకి మారుస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి.

#18 కొత్తబాటసారి
ఫోన్ చేశాను. ముందు మొదటి ప్యాకేజీ వాళ్లకీ ఒకసారి చేసి చూశా. "ఏమేం చూపిస్తారు" అంటే "మొబైల్‌లో యాప్ ఉంటుంది సార్, మీకే అన్నీ తెలుస్తాయి" అన్నారు. సరే, అది అయిపోయింది.

రెండోవాళ్లు గైడుకే ఫోన్ ఇచ్చారు. తేదీ చెప్పగానే "ఆ రోజు వద్దు, చంద్రుడున్నాడు, మీరు వస్తే మీ డబ్బు వృథా" అనేశాడు. తొమ్మిది రోజులు వాయిదా వేస్తే బహుళ షష్ఠి వస్తుంది. సెలవు అంతవరకే మార్చుకోగలను, అమావాస్య దాకా కుదరదు. బండ్లు ఎప్పుడూ రెండు వెళ్తాయట. శిబిరం నుంచి 3 కిలోమీటర్ల అవతల, దిబ్బ మరుగున పెడతారట. బాత్రూం ఉంది. కానీ రాయుడు గారు చెప్పిన మాటే ఆయనా అన్నాడు: పాలపుంత మధ్య భాగం ఆ సమయానికి ఉండదని. అంటే పాప ఆశ పడ్డది దొరకదా?

#19 నిద్రరాదు
ఫోటోల్లో మీరు చూసే చిక్కటి పాలపుంత ధనుస్సు రాశి వైపుది. మార్చిలో అది తెల్లవారుజామున గానీ లేవదు. మీ షష్ఠి నాడు అప్పటికి చంద్రుడు కూడా పైకొచ్చేసి ఉంటాడు. కాబట్టి ఆ ట్రిప్‌లో కుదరదు, వంకర టింకరగా చెప్పి లాభం లేదు. జూన్ నుంచి ఆగస్టు వరకు అయితే రాత్రి తొలి భాగంలోనే కనిపిస్తుంది, కానీ అప్పుడు మీ ఎడారిలో ఎండకి మనుషులు తిరగలేరు.

మార్చి సాయంత్రం కనిపించేది పాలపుంతకి అవతలి కొస. మృగశిర, మిథునం పక్కగా వెళ్తుంది. పలచగా ఉంటుంది. చీకటి బాగుంటే కచ్చితంగా కనిపిస్తుంది.

రంగులు మాత్రం ఆశించొద్దు. ఆ ఊదా, ఎరుపు కెమెరా 20 సెకన్లు కళ్లు తెరిచి పోగేసుకున్నవి. మన కంటికి మసక వెలుగులో రంగు తెలియదు. బూడిద రంగే. నేను ఫోటోలు తీసే మనిషిని, నేనే చెప్తున్నా: పాపకి ముందే చెప్పేయండి. అక్కడికి వెళ్లాక నిరుత్సాహపడితే ఆ రాత్రంతా పాడవుతుంది.

#20 పాతకాపు
ఇదిగో, ఇలాంటి మాట ప్యాకేజీ అమ్మేవాళ్లు ఒక్కరూ చెప్పరు.

#21 యువకెరటం
ఫోన్‌తో మిల్కీవే ఫోటో వస్తుందా బ్రో? నేనూ వెళ్తున్నా వచ్చే నెల.

#22 నిద్రరాదు
ఇప్పటి ఫోన్లలో నైట్ మోడ్‌తో వస్తుంది, ట్రైపాడ్ ఉంటే. చేత్తో పట్టుకుంటే రాదు. కెమెరా అయితే వెడల్పు లెన్సు, ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200 దగ్గర మొదలుపెట్టు. ఎంతసేపు తెరవాలంటే 500ని లెన్సు ఫోకల్ దూరంతో భాగించు: 20 ఎంఎం అయితే 25 సెకన్లు. దాటితే చుక్కలు గీతలవుతాయి. ఇసుకలో లెన్సు మార్చొద్దు. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ఇంకోటి లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచు.

#23 చుక్కలరాయుడు
అన్నిటికంటే ముందు: ఫ్లాష్ ఆఫ్ చెయ్యి బాబూ. కంటికి చీకటి అలవాటు కావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. రెటీనాలో రోడాప్సిన్ అనే పదార్థం మెల్లగా కూడుకోవాలి. నీ ఫోన్ తెల్లటి వెలుగు ఒక్కసారి పడితే అది విరిగిపోతుంది, నీకే కాదు, పక్కన పడుకున్న పదిమందికీ మళ్లీ మొదటికే. అందుకే గైడ్లు ఎర్ర టార్చి వాడతారు. మసకలో పనిచేసే కణాలకి ఎరుపు పెద్దగా అందదు.

#24 యువకెరటం
సారీ సార్, తెలియదు. గ్రీన్ లేజర్ కొనుక్కుందామనుకున్నా, చుక్కలు చూపించడానికి. అదీ వద్దా?

#25 మోడరేటర్
లేజర్ సంగతి గైడుకి వదిలేయండి. విమానం మీద పడితే పైలట్‌కి కళ్లు బైర్లు కమ్ముతాయి, అది చాలా దేశాల్లో నేరం. దీని మీద వేరే చర్చ ఉంది, ఇక్కడ వద్దు.

#26 ఇసుకలోచక్రం
బైనాక్యులర్స్ తీసుకెళ్లండి కొత్తబాటసారి గారూ. 7x50 గానీ 10x50 గానీ. టెలిస్కోపు దగ్గర వంతు కోసం నిలబడే సమయంలో పిల్లలకి అదే దిక్కు.

#27 కొత్తబాటసారి
వెళ్లొచ్చామండీ! తిరిగొచ్చి నాలుగు రోజులైంది. మీరంతా ఇంత రాసినందుకు నేనూ వివరంగా రాయాలి.

ముందు పాపకి ఉన్నదున్నట్టు చెప్పాను, ఫోటోలో ఉన్నట్టు ఉండదని. "అయితే ఎందుకు వెళ్లడం?" అంది. జవాబు దొరకలేదు నాకు. సరే, బయల్దేరాం. ఇసుక మొదలయ్యే చోట బండి ఆపి టైర్లలో గాలి తీశారు, ఇసుకలోచక్రం గారు గుర్తొచ్చారు. నాన్న ముందు సీట్లో. అరగంట నెమ్మదిగా వెళ్లాం. నడుం గురించి ఆయన ఒక్క మాట అనలేదు.

దిగి ఇంజన్లు ఆపేశాక మొదట తెలిసింది ఆకాశం కాదు, నిశ్శబ్దం. మా పాప గొంతు తగ్గించి మాట్లాడటం అదే మొదటిసారి. గైడు అతినీలలోహిత టార్చితో చాపల చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. ఏమీ మెరవలేదు. మా ఆవిడ అప్పుడు కూర్చుంది.

పడమట దిగంతం మీంచి ఒక పలచటి వెలుగు, త్రికోణంలా, కృత్తికల వైపు వాలి ఉంది. "అది ఏ ఊరి వెలుగు?" అని అడిగా. ఊరు కాదట. సూర్యుడి చుట్టూ గ్రహాల దారిలో పరుచుకున్న దుమ్ము మీద ఎండ పడి అలా కనిపిస్తుందట. ఈ కాలంలో సాయంత్రాలే బాగా కనిపిస్తుందన్నాడు. దీని గురించి ఇక్కడ ఎవరూ చెప్పలేదేం?!

ఒక అరగంట మమ్మల్ని ఊరికే పడుకోబెట్టాడు. టెలిస్కోపు ముట్టుకోనివ్వలేదు. మొదట్లో విసుగనిపించింది. ఆ అరగంటలో చుక్కలు ఒక్కొక్కటే కాదు, గుంపులు గుంపులుగా దిగడం మొదలుపెట్టాయి. పాప ఒక ఉపగ్రహాన్ని పట్టుకుని వెంటాడుతోంది. నడినెత్తి దాటాక అది ఉన్నట్టుండి ఆరిపోయింది. "పడిపోయిందా?" అని కంగారు. భూమి నీడలోకి వెళ్లిందని గైడు చెప్పాడు. అక్కడి నుంచి ఎన్ని ఆరిపోతాయో లెక్కపెట్టడమే పని. ఏడు.

తర్వాత "ఆ మబ్బు అడ్డం వస్తోంది నాన్నా" అంది. నేనూ మబ్బే అనుకున్నా. గైడు "పది నిమిషాలు చూడు, కదులుతుందేమో" అన్నాడు. చూసింది. కదల్లేదు. అదే పాలపుంత అని చెప్పాడు. పాప చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "ఫోటోలో అంత దగ్గరగా లేదు" అంది. దగ్గరగా అంటే ఏమిటో అడిగినా చెప్పలేదు.

ఇక నాన్న. ఇది రాయడానికే అసలు కూర్చున్నాను. గైడు ఇంగ్లీషు పేర్లతో చూపిస్తున్నాడు. పడమటి వైపు ఆ చిన్న గుత్తి దగ్గర నాన్న "ఇది కృత్తిక కదా" అన్నారు. పక్కనే ఎర్రగా ఉన్నది రోహిణి. ఆ పైన మృగశిర. ఎర్రటి పెద్ద చుక్క ఆర్ద్ర. నడినెత్తిన జంట చుక్కలు పునర్వసు. నాన్నకి 27 నక్షత్రాలు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు, ఎక్కాల్లాగా అప్పజెప్పేస్తారు. కానీ అవి ఆకాశంలో ఆ వరసలోనే, పడమటి నుంచి తూర్పుకి పేర్చి ఉన్నాయని ఆయనకి ఆ రాత్రి దాకా తెలియదు. నాకూ తెలియదు. పుష్యమి, ఆశ్లేష అంటూ వేలు జరుపుకుంటూ తూర్పుకి వచ్చి మఖ దగ్గర ఆగారు. తర్వాతవి ఇంకా కిందికి ఉన్నాయి. "చిత్త ఎప్పుడొస్తుంది?" అని గైడునే ఎదురు అడిగారు. గైడు తన డైరీ తీసి, ఎర్ర టార్చి వెలుగులో నాన్న చెప్తుంటే పేర్లు రాసుకున్నాడు.

టెలిస్కోపులో గురుడు, ఒక పక్క మూడు ఉపగ్రహాలు, ఇంకో పక్క ఒకటి. మృగశిరలోని నెబ్యులా (వాయువుల మేఘం) పొగలా, బూడిద రంగులో. ఎత్తుకెక్కిన సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన అరుంధతిని పాప మామూలు కంటితోనే పట్టేసింది. నాన్నకి బైనాక్యులర్స్‌లో గానీ దొరకలేదు.

చలి మాత్రం అమ్మమాట గారు చెప్పినదానికంటే ఎక్కువే. 11 దాటాక పాప నిద్రపోయింది. అర్ధరాత్రి కావస్తుండగా దిబ్బ అంచు మీద ఎర్రగా ఏదో అంటుకున్నట్టయింది. నిప్పేమో అనుకున్నాం. చంద్రుడు. పావుగంటలో చిన్న చుక్కలన్నీ వెళ్లిపోయాయి. గైడు టెలిస్కోపుకి మూత పెట్టేశాడు.

#28 చుక్కలరాయుడు
పడమటి వెలుగు గురించి చెప్పకపోవడం నా తప్పే. దాన్ని రాశిచక్ర కాంతి అంటారు. చాలామంది మీలాగే ఊరి వెలుగు అనుకుని పట్టించుకోరు. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ముప్పై ఏళ్లుగా చుక్కలు చూస్తున్నా, ఆ 27 నాకు వరసగా నోటికి రావు.

#29 అమ్మమాట
మీ ఆవిడ గారు మళ్లీ వస్తానన్నారా?

#30 కొత్తబాటసారి
తేలు కనిపించలేదు కాబట్టి వస్తానంది. నాన్న అయితే జ్యేష్ఠ, మూల చూడాలంటే ఏ నెలలో వెళ్లాలని రోజూ అడుగుతున్నారు.

#31 చుక్కలరాయుడు
మే అమావాస్యకి చూడమనండి. ఇంటి డాబా మీంచి కూడా జ్యేష్ఠ కనిపిస్తుంది, ఎర్రగా ఉంటుంది కాబట్టి సులువే. మూలకి మాత్రం ఇంకాస్త రాత్రి దాకా ఆగాలి.

#32 వెన్నెలపక్షం
ఇసుక మీద చంద్రోదయం చూశారన్నమాట, అదీ ఎర్రగా! ఫోటో పెట్టండి.

#33 కొత్తబాటసారి
తీయలేదండీ. ఫోన్లన్నీ గైడు ముందే బండిలో పెట్టించేశాడు.